కర్త: పండరి

కర్త, కర్మ, క్రియ అంటూ ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు వ్యాకరణం చెప్పిన భద్రయ్య పంతులు, తన రచనలకు కర్త ఎవరో తనకే తెలియదన్న సంగతి అరవై ఏడవ ఏట తెలుసుకొన్నాడు. తెలియజెప్పినది గురువూ కాదు, గ్రంథమూ కాదు. బాన్సువాడ బస్టాండు ఎదుట వందన అనే అమ్మాయి నడుపుతున్న జిరాక్సు దుకాణంలోని కంప్యూటరు.

భద్రయ్య పుట్టింది కృష్ణా తీరంలో. తండ్రి అక్కడి ఎకరన్నర అమ్మి, బీర్కూరు దగ్గర నిజాంసాగర్ కాలువ కింద నాలుగెకరాలు కొని, తమవైపు వాళ్ళందరూ కట్టుకొన్న క్యాంపులో ఇల్లు వేశాడు. కొడుకును వ్యవసాయంలో పెడదామన్న ఆయన ఆశ ఒక్క పూటలో ఆవిరైపోయింది. మడవ తిప్పి రమ్మని పంపితే, పదిహేడేళ్ళ భద్రయ్య గట్టు మీద కూర్చుని ఏదో సమాసానికి విగ్రహవాక్యం చెప్పుకొంటూ, ఉదయం నుండి మధ్యాహ్నం దాకా పక్కవాళ్ళ మడికి నీళ్ళు పారించాడు. "వీడు పొలంలో కన్నా బడిలో ఉంటే వీడికి క్షేమం, వీడికన్నా మన పొలానికి క్షేమం" అని తండ్రి అతణ్ణి ప్రాచ్య కళాశాలకు పంపించాడు. ఆ విధంగా తెలుగు పండితుడై, బీర్కూరు బడిలోనే పని చేసి, తొంభై ఆరులో పదవీవిరమణ పొంది, భార్య రాధాకుమారితో బాన్సువాడలో స్థిరపడ్డాడు.

విరమించిన తరువాత అతనికి దొరికిన వ్యాపకం సన్మానపత్రాలు రాయటం. ఊళ్ళో ఏ ఉద్యోగి పదవి దిగినా, ఏ అధికారి బదిలీ అయినా, శాలువాతో పాటు అద్దం బిగించిన పటంలో ఒక సన్మానపత్రం ఇవ్వాలి. అది భద్రయ్య పంతులే రాయాలి. ప్రతిఫలంగా అతడు కాసు పుచ్చుకొనేవాడు కాడు, పేరు మాత్రం దండిగా పుచ్చుకొనేవాడు. ఎవరైనా వచ్చి అడిగితే కనురెప్పలు సగం వాల్చి, "మూడు రోజులు పడుతుంది. భావం పండాలి కదా!" అనేవాడు. ఆ మూడు రోజులూ కండువా భుజాన వేసుకొని, ఎవరైనా పలకరిస్తే పలకకుండా, బస్టాండు నుండి అంగడి దాకా నడుస్తూ ఉండేవాడు. భావం పండుతున్నదని జనం తప్పుకొని దారి ఇచ్చేవారు.

అసలు సంగతి వేరు. తొంభై తొమ్మిదిలో క్యాంపులోని అతని ప్రాణస్నేహితుడు ఆదిశేషయ్య కాలం చేశాడు. ఆదిశేషయ్య నిజంగానే మెత్తగా మాట్లాడే మనిషి, నిజంగానే ఎవరినీ నొప్పించని మనిషి. భద్రయ్య మూడు పగళ్ళు కూర్చుని, చెరిపి, ఏడ్చి, మళ్ళీ రాసి, సంతాపసభ కోసం ఒక పుట తయారు చేశాడు. అప్పట్లో దుకాణం వందన అన్నయ్య పండరిది. అతడు అప్పుడే కంప్యూటరు కొన్నాడు; ఆ యంత్రం మీద అచ్చయిన మొదటి తెలుగు పుట అదే. నెల తిరగకుండా ఒక వ్యవసాయాధికారి విరమణ వచ్చింది. భద్రయ్య కాగితాలు తీసి కలం విప్పుతుంటే పండరి ఆపాడు.

"గింత కష్టమెందుకు సార్? గా ఆదిశేషయ్య సారు కాయితం ఉన్నది గదా. 'స్వర్గస్థులైన' అనేది తీసి 'పదవీవిరమణ చేయుచున్న' అని పెడితె అయిపాయె. నేను ఒక్కటే దెబ్బకు అన్ని తాన్ల మారుస్త."

భద్రయ్య ఆ మాటకు మండిపడ్డాడు. ఆ మంట సాయంకాలం దాకా నిలిచింది. మరునాడు ఉదయం వచ్చి, "ఏదీ, మార్చు చూద్దాం" అన్నాడు. పండరి ఒక మీట నొక్కగానే మృతుడు పింఛనుదారుడైపోయాడు. అంతకంటే ఆశ్చర్యమేమంటే, మిగిలిన వాక్యం ఒక్కటీ కదపనక్కరలేకపోయింది. "ఇకపై మన మధ్య లేకున్నను వీరి స్మృతి మన హృదయములందు చిరస్థాయి" అన్నది బదిలీ మీద పోయేవారికి కూడా కొలత తీసి కుట్టినట్లు సరిపోయింది. ఆ పూట నుండి ఆరేళ్ళలో భద్రయ్య 'రచించిన' సన్మానపత్రాలు నలభై. ప్రతిసారీ కిందటి పత్రానికి నకలు తీయటం, పేరు మార్చటం, స్త్రీ అయితే మృదుభాషిని మృదుభాషిణి చేయటం. ఈ చివరి పనికి మాత్రం కొంత వ్యాకరణజ్ఞానం అవసరమని అతడు తనకు తాను సర్ది చెప్పుకొనేవాడు.

ఈ మధ్యలో పండరి వరికోత యంత్రం కొని దాని వెంట ఊళ్ళు పట్టుకొని తిరుగుతూ, దుకాణం చెల్లెలికి అప్పగించాడు. వందన జాగ్రత్త గల పిల్ల. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు గనుక, ఒక్క వరుస కొట్టగానే సేవ్ నొక్కి దాచి, తరువాతనే రెండవ వరుసకు పోయేది. రెండువేల అయిదు సెప్టెంబరులో, పేరుకుపోయిన ఫైళ్ళన్నీ సర్దుకోవటానికి ఒక కొత్త ప్రోగ్రాము పెట్టించింది. ఎడమ పక్కన ఫైళ్ళ జాబితా. ఏదైనా ఒకదాని మీద నొక్కితే కుడి పక్కన దాని వివరాల పలక.

ఆ బుధవారం భద్రయ్య ఆమె పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నలభై ఒకటవ సన్మానపత్రం అప్పుడే సిద్ధమైంది. బాలికల పాఠశాలలో ఆయాగా పని చేస్తున్న గంగమణికి శుక్రవారం పదవీవిరమణ. ఆయాలకు శాలువా కప్పి పంపటమే ఆ బడిలో ఆనవాయితీ. గంగమణి మాత్రం పెద్ద మేడం దగ్గరకు పోయి, "శాలువ ఒద్దు. సార్లకిచ్చినట్ల నాగ్గూడ అద్దం పటం గావాలె. అండ్ల నా గురించి రాసి ఉండాలె" అని అడిగి మరీ ఒప్పించుకొన్నది.

"ఏమిటమ్మాయ్ అది, ప్రాపర్టీసు?" అన్నాడు భద్రయ్య తెరను చూస్తూ. "కాగితానికి ఆస్తులేమిటి?"

"ఆస్తులు కావు సార్" అన్నది వందన నవ్వి. "కాయితంల రాసింది కాదు, కాయితం గురించి రాసింది. ఎవరు చేసిండ్రు, ఎప్పుడు చేసిండ్రు, ఎన్నిసార్లు దిద్దిండ్రు, అన్నీ చెప్తది."

"జాతకమన్నమాట. ఏదీ, నా పత్రాల జాతకం చూడు."

వందన ఒకదాని మీద నొక్కింది. ఆథర్ అన్న మాట ఎదుట ఒక పేరు కనిపించింది. భద్రయ్య కళ్ళజోడు పైకి తోసి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొన్నాడు.

"పండరి? పండరి ఎవరు?"

"మా అన్న సార్."

"మీ అన్న అని నాకు తెలుసునమ్మా! ఇక్కడెందుకున్నాడు?"

"కంప్యూటర్ కొన్ననాడు పేరడిగిందంట, అన్న తన పేరు కొట్టిండు. అప్పటిసంది దీని మీద ఏది చేసినా ఆథర్ ఆయననే. గిటు చూడుండ్రి, పాస్ పుస్తకం పోయిందని రాసిన దరఖాస్తుకు గూడ అన్ననే."

"మీ అన్న ఏడవ తరగతిలో నా దగ్గరే తెలుగు తప్పాడు!"

"రెండుసార్లు సార్."

నలభై పత్రాలకూ కర్త పండరి. అన్నింటిలోనూ ఆ పేరు తీసి తన పేరు పెట్టాలన్నాడు భద్రయ్య. ఒక్కొక్కటే తెరిచి మార్చాలని వందన అంటే, "మార్చు. నేను కూర్చుంటాను. ముందు గంగమణిది మార్చు" అని కుర్చీ ముందుకు జరుపుకొన్నాడు. తరువాత ఆ ఘడియను తలచుకొన్నప్పుడల్లా అతనికి తన మీద జాలి కంటే ముందు నవ్వు వచ్చేది. దొంగ తానే ఠాణాకు పోయి, నా పేరు మీ పుస్తకంలో సరిగా రాయలేదేమని తగవు పెట్టుకొన్నట్లు!

అంతలో బయటి నుండి, "పంతులు సారున్నడా?" అని వినిపించింది. మనిషి ఇంకా రోడ్డు అవతలే ఉన్నది. గొంతు మాత్రం దుకాణంలోకి వచ్చేసింది. వెనుకనే గంగమణి వచ్చి, స్టూలు లాక్కొని కూర్చున్నది.

"నాకు సదువు రాదు సారూ. శుక్రారం అందరి ముందట ఇనే కంటె ముందుగాల నేనొక్కదాన్నే ఇనాలని వచ్చిన. సదువుండ్రి."

భద్రయ్య గొంతు సవరించుకొని, తన నలభై సభల స్వరంతో మొదలుపెట్టాడు. "సౌశీల్య సంపన్నురాలును, మృదుభాషిణియును..."

"...పరోపకార పారీణురాలును" అన్నది గంగమణి.

భద్రయ్య తలెత్తి చూశాడు. మళ్ళీ చదివాడు. "ఎవ్వరినీ నొప్పింపని..."

"...నవనీత హృదయులును అయిన. ఇగ దీని తర్వాత 'మన మధ్య లేకున్నను' వస్తది. సారూ, నేను మన మధ్య లేకపోవుడేంది? నా ఇల్లు బడి ఎనకనే గదా!"

వందన నవ్వు ఆపుకోవటానికి తెర వైపు తిరిగింది.

"నీకు... ఇదంతా ఎట్లా తెలుసు?"

"పదకొండు సన్మానాలకు కుర్సీలేసిన, పూలదండలు తెచ్చిన. మీరు రాసింది సదువుతుంటె తలుపు కాడ నిలవడి ఇన్న. నోటికొచ్చింది. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. గిది నాదేనా, గా సార్లదా?"

తప్పు ఒప్పుకోవటానికి దేవుడిచ్చిన అవకాశం అది. భద్రయ్య దానిని అక్షరాలా కాలదన్నాడు. "అక్షరాక్షరం నీదేనమ్మా. మూడు రోజులు కష్టపడి నీ కోసమే రాశాను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, పేరు మార్చటానికి వందన ఆ ఫైలు వివరాలు తెరిచింది. కల్లాకపటం లేని పిల్ల, పైకే చదివేసింది. "తయారైంది తొంభై తొమ్మిదిల. దిద్దింది తొంభై ఆరుసార్లు. మొత్తం పని చేసిన టైము అయిదు గంటల ఇరవై నిమిషాలు."

"తొంభై తొమ్మిదిలనా?" అన్నది గంగమణి. "గప్పుడు నా రిటైర్మెంటు ముచ్చట ఏడిది?"

భద్రయ్య చెవుల్లో మిగిలిన అంకె మాత్రం వేరు. అయిదు గంటల ఇరవై నిమిషాలు! ఆరేళ్ళ తన సాహితీసేవ, నలభై సభల కరతాళధ్వనులు, అంగడి దాకా నడిచిన నడకలు, అన్నీ కలిపి అంతే. అందులోనూ వందన అన్నం తినటానికి పోయి ఫైలు తెరిచి ఉంచిన సమయం ఎంతో!

"టైటిల్ దగ్గర ఏదో పిచ్చి రాత ఉన్నది సార్" అన్నది వందన. అక్కడ ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, కొక్కేలూ కలిసి, చీమలు తొక్కిన సిరాలాగా ఉన్నది.

"ఏదో యంత్రదోషం. తుడిచేయమ్మా, తుడిచేయి."

"తుడవకు బిడ్డా" అన్నది గంగమణి. "నా కాయితం మీద ఏముందో నాకు ఎరుక కావాలె."

వందన ఒక క్షణం ఆలోచించింది. "తెలుగు ఫాంట్ లేక గిట్ల కనవడ్తుంది కావచ్చు. మొదటిసారి దాచినప్పుడు పైన ఏ వరుస ఉంటె దాన్నే టైటిల్‌గా పట్టుకుంటది సార్. తర్వాత లోపల ఎంత మార్చినా అది మారదు." ఇట్లా అంటూనే ఆ పిచ్చి రాతను ఒక ఖాళీ పుట మీదికి తెచ్చి, తెలుగు ఫాంటు నొక్కింది. చీమలన్నీ లేచి వరుసలో నిలబడ్డాయి.

*అశ్రునివాళి.*

"ఏమున్నది?" అని అడిగింది గంగమణి. వందనే మెల్లగా చెప్పింది. "సచ్చిపోయినోళ్ళకు రాసేది గంగమణక్కా."

"నేను శుక్రారం ఇడుస్తున్నది నౌకరి సారూ, పానం కాదు" అన్నది గంగమణి. నవ్వుతూనే అన్నది గాని, లేచి నిలబడ్డ తరువాత ఆ నవ్వు లేదు. "మేడం దగ్గర ఇజ్జత్ ఇడిచి అడిగి తెచ్చుకున్న పటం అది. నా పటంల నేను లేకుంటె ఎట్ల? ఒద్దు సారూ, ఉత్త అద్దమే ఇయ్యుండ్రి. అండ్ల నా మొకమన్న కనవడ్తది."

ఆమె వెళ్ళిపోయింది. కర్త పేరు మార్చమని భద్రయ్య మళ్ళీ అడగలేదు.

ఇంటికి పోయి జరిగినదంతా రాధాకుమారికి చెప్పాడు. ఆమె పప్పులో రాళ్ళు ఏరుతూ అంతా విని, తలెత్తకుండా అడిగింది. "మన నలభయ్యవ పెళ్ళిరోజున నా మీద చదివారే, 'సహనమూర్తి' అని. అది ఎవరిది?"

"...ఆదిశేషయ్యది."

"అనుకొన్నాను. నాకు సహనమేమిటా అని అప్పుడే అనుమానం వచ్చింది." ఒక రాయి తీసి పక్కన వేసింది. "పాపం అన్నయ్యగారు! బతికి ఉండగా ఒక్క ఊరివారికే మంచివాడు. మీరు ఆయన మంచితనం తాలూకాలో ప్రతి ఆఫీసుకూ పంచిపెట్టారు. ఇక ఆయనకు ఏమైనా మిగిల్చారా?"

మూడు పగళ్ళ దుఃఖాన్ని ఆరేళ్ళపాటు నీళ్ళు కలిపి పోస్తూ వచ్చిన మహానుభావుడు ఏం మిగులుస్తాడు?

గురువారం సాయంత్రం బడి విడిచే వేళకు గంగమణిని కలుద్దామని బయలుదేరి బస్టాండు దాకా వచ్చాడు. బీర్కూరు బస్సు కదలటానికి సిద్ధంగా ఉన్నది. దానికి సరిగ్గా ఎదురుగా, రెండు చేతులూ నడుము మీద పెట్టుకొని, గంగమణి నిలబడి ఉన్నది. డ్రైవరు హారను కొడుతున్నాడు.

"కొట్టు, కొట్టు! నీ హారనే పగుల్తది. నా పిల్లలు ఇంకా నలుగురు రావాలె."

"గంగమణక్కా, రేపటి సంది ఎట్ల ఆపుతవో చూస్త!"

"ఎల్లుండి చూసుకుందువు. రేపు గూడ నాదే డ్యూటీ!"

నలుగురు ఆడపిల్లలూ పుస్తకాల సంచులతో పరుగెత్తుకొంటూ వచ్చి ఎక్కారు. అప్పుడు ఆమె పక్కకు తప్పుకొన్నది. భద్రయ్య బీర్కూరులో ముప్పై ఒక్క సంవత్సరాలు పని చేశాడు. బాన్సువాడలో చదువుకొనే ఆ ఊరి ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరటం చూశాడు. ఎట్లా చేరుతున్నారని ఒక్కనాడూ ఆలోచించలేదు.

అతడు దగ్గరకు పోయి, "గంగమణమ్మా, మూడు రోజులని అబద్ధం చెప్పాను. ఒక్క పూట ఇస్తావా?" అన్నాడు.

ఆమె ఎగాదిగా చూసింది. "కొత్తదేనా?"

"ఖాళీ పుట మీద మొదలుపెడతాను. నువ్వు చెప్పు, నేను వాక్యం కడతాను, వందన కొడుతుంది."

దుకాణంలో ముగ్గురూ కూర్చున్నారు. భద్రయ్య గంభీరంగా నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆదిశేషయ్య లేకుండా తనకు వాక్యం రాదా అని భయం వేసింది. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకొన్నాడు, మళ్ళీ తీశాడు. ఏదో గొణిగాడు. వందన ఏదో కొట్టి, అలవాటు ప్రకారం వెంటనే దాచింది.

"చెప్పుండ్రి సార్."

"లోహశకటమునకు ఎదురొడ్డి నిలిచి..."

"లోహశకటమంటె ఏంది సారూ? జేసీబీయా?"

"బస్సమ్మా, బస్సు."

"మరి బస్సు అనుండ్రి."

బస్సు అన్నాడు. బాలికల శిరోజ సంస్కారము గావించి అన్నాడు. ఆ మాట తనకు తెలియదని గంగమణి అన్నది. తల దువ్వటమని భద్రయ్య చెప్పాడు. "దువ్వుడు కాదు, పేన్లు తీసుడు. పేన్లనే రాయుండ్రి."

"సన్మానపత్రంలో పేనా!"

"ముప్పై రెండేండ్లు గదే పని సారూ. పేను లేకుంటె నా రిటైర్మెంటే లేదు."

పేను చేరింది. లోహశకటం పోయింది, శిరోజాలు పోయాయి, నవనీతం కరిగిపోయింది. ఒక్కొక్క విశేషణం రాలుతుంటే భద్రయ్యకు పన్ను ఊడుతున్నట్లే ఉన్నది. ఊడిన చోట మాత్రం విచిత్రంగా హాయిగా ఉన్నది.

శుక్రవారం బడి ఆవరణలో పెద్ద మేడం ఆ పత్రం చదివింది.

"గంగమణి మృదుభాషిణి కాదు. బడి గంట కంటె ముందు ఆమె గొంతే వినబడుతుంది. ఆ గొంతుకు భయపడి బీర్కూరు బస్సు ముప్పై రెండు సంవత్సరాలు ఆగింది. అందుచేత ఎందరో ఆడపిల్లల చదువు ఆగలేదు..."

పేన్ల దగ్గరకు వచ్చేసరికి పిల్లలు గొల్లుమన్నారు. ఆ నవ్వులో మేడం గొంతు కలిసిపోయింది. కుర్చీలో దండ వేసుకొని కూర్చున్న గంగమణి లేచి నిలబడి, "సప్పుడు చెయ్యకుండ్రి పిల్లలూ! మేడం, మళ్ళ మొదటికెళ్ళి సదువుండ్రి. గీ ముచ్చట నేను ముందుగాల ఎన్నడు ఇనలే" అన్నది. తలుపు దగ్గర నిలబడి వింటున్న భద్రయ్య కండువాతో ముక్కు తుడుచుకొన్నాడు. జలుబు కాదు.

సోమవారం దుకాణానికి పోతే వందన ఆ ఫైలు వివరాల పలక తెరిచి చూపించింది. "చూడుండ్రి సార్, ఒక్కదానికే మూడు గంటల నలభై నిమిషాలు. ఆథర్ ఇంకా అన్ననే ఉన్నడు. ఇప్పుడు అన్నిట్ల మీ పేరు పెట్టన్నా?"

"ఆ నలభైకీ పండరినే ఉండనీ. ఆ మీట నొక్కే ఉపాయం అతనిదే కదా, న్యాయంగానే ఉన్నది. దీనికి కూడా అతణ్ణే ఉండనీ. నా పేరు పెట్టుకొందామంటే గంగమణి ఊరుకోదు. ఆమె పేరు పెడదామంటే, చదువు రానిదాన్ని, అది నా పేరో కాదో నాకేమెరుక అంటుంది."

"మరి టైటిల్? గదైనా మారుద్దాం సార్. ఆ రోజు మీరు ముందుగాల ఒక మాట అన్నరు గదా, నేను గదే కొట్టి దాచేసిన. తర్వాత పుటల తీసేసిన గని ఈడ ఉండిపోయింది." ఆమె చీమలను ఖాళీ పుట మీదికి తెచ్చి, తెలుగు ఫాంటు నొక్కింది.

*ఉండమ్మా, కళ్ళజోడు తుడుచుకోనీ.*

భద్రయ్య రెండుసార్లు చదువుకొన్నాడు. వ్యాకరణదోషం కనిపించలేదు.

"దాన్ని కదపకు" అన్నాడు. "ఈ మొత్తంలో పూర్తిగా నా సొంత వాక్యం అదొక్కటే."